చచ్చిన కుక్కకి చోటు చూపించండి: డెల్టా మునిసిపాలిటీలకు, పంచాయతీలకు ఓ బహిరంగ లేఖ

గౌరవనీయులైన మునిసిపల్ కమిషనర్లకు, పాలకవర్గాలకు, సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు నమస్కారం.

మీ బల్లమీదికి రోజూ రోడ్ల అర్జీలు, డ్రైన్ల అర్జీలు, పింఛన్ల అర్జీలు వస్తుంటాయి. వాటి మధ్య నాది చూసి నవ్వుకుంటారేమో, నవ్వుకున్నాకయినా పూర్తిగా చదవండి. గోదావరి డెల్టాలో పెంపుడు కుక్క చచ్చిపోతే దాన్ని పద్ధతిగా దహనం చేసే చోటు ఒకటి కావాలి. ప్రతి ఊళ్లోనూ అక్కర్లేదు. భీమవరం, పాలకొల్లు, నరసాపురం, తణుకు, తాడేపల్లిగూడెం ఇటూ, అమలాపురం అటూ ఉన్నాయి. నాలుగైదు మునిసిపాలిటీలు, చుట్టుపక్కల పంచాయతీలు కలిసి ఒక్కటి పెట్టుకున్నా మహా గొప్ప. కుక్కల మీద ముద్దుతో మాత్రమే అడుగుతున్నానని అనుకోకండి. కుక్క కనబడితే రాయి తీసుకునేవాళ్లు కూడా తాగే నీళ్ల గురించి అడుగుతున్నాను.

నీళ్లకీ కుక్కకీ ఏం సంబంధమంటారా? డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పనక్కర్లేదు. మీలో చాలామంది బదిలీ మీద వచ్చినవాళ్లు కాబట్టి చెప్తాను. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. అప్పట్నుంచీ మా బతుకు కాలువల మీదే. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, నోట్లో పోసుకోలేం. పొలానికీ కాలువే, గొంతుకీ కాలువే. ఎండాకాలంలో కాలువలు కట్టేసే ముందు ఊరూరా మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం. మళ్లీ నీళ్లు వదిలేదాకా ఆ చెరువు నీళ్లే ఫిల్టర్ బెడ్ల మీదుగా కుళాయిలకి వస్తాయి. ఆ కాలువలోనే చచ్చిన కుక్కలు, పిల్లులు, పందులు, ఒక్కోసారి దూడలు తేలుతుంటాయి.

కాలువలు కట్టేశాక ఒకసారి గట్టు మీద నడిచి చూడండి. కారు దిగి, నడిచి. అడుగున బురదలో మూతి బిగించి కట్టిన ఎరువుల బస్తాలు కూరుకుపోయి కనబడతాయి. విప్పి చూసే సాహసం ఎవరూ చెయ్యరు, చూడకపోయినా లోపలున్నదేమిటో అందరికీ తెలుసు. నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లో లాకుల దగ్గరా వంతెన స్తంభాల దగ్గరా గుర్రపుడెక్కలో ఇరుక్కుని, పొట్ట ఉబ్బి, కాళ్లు పైకి పెట్టి ఉంటాయి. వాసన భరించలేక ఎవరో ఫోన్ చేస్తారు. లస్కర్, అంటే కాలువ చూసుకునే మనిషి, వచ్చి గెడతో కిందికి తోస్తాడు. కింద ఊళ్లో లస్కర్ ఇంకా కిందికి తోస్తాడు. అతన్ని తప్పుపట్టలేం, ఒడ్డుకి లాగి ఎక్కడ పెట్టాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

'కుక్కేగా, గొయ్యి తీసి పాతెయ్యొచ్చుగా' అన్నది నేను ఎక్కువసార్లు విన్న సలహా. మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన అధికార్లు మరీ తేలిగ్గా అంటారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. పాతినదాన్ని వీధి కుక్కలు, పందులు, నక్కలు తవ్వకుండా ఉండాలంటే పైన కనీసం మూడు, నాలుగు అడుగుల మట్టి ఉండాలి. నీళ్లు పాడవకుండా ఉండాలంటే గోతి అడుగు ఊట కంటే పైన ఉండాలి. డెల్టాలో వానాకాలం ఈ రెండూ ఒకచోట కుదరవు. లోతు తవ్వితే ఊట, తవ్వకపోతే నక్క.

ఇది నేను పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. మా టైగరు పోయినప్పుడు కళ్లారా చూశాను. పేరు చూసి జాతి కుక్క అనుకునేరు, మామూలు నాటు కుక్క. పదమూడేళ్లు మాతో ఉంది. కిడ్నీలు పాడై ఆషాఢ మాసంలో ఒక శనివారం రాత్రి పోయింది. మాది పశ్చిమ డెల్టాలో ఓ మునిసిపాలిటీ, మూడో అంతస్తులో ఫ్లాట్. మట్టి అన్నది పూలకుండీల్లో తప్ప ఎక్కడా లేదు. పొద్దున్నే ఆఫీసుకి ఫోన్ చేస్తే ఎత్తినాయన మర్యాదగానే చెప్పాడు. "ఇవాళ ఆదివారం కదండీ, బండి రాదండి. రేపొచ్చాక డంపింగ్ యార్డుకి తోలించేస్తామండి. అక్కడ దహనం అదీ ఏం ఉండదండి, మామూలుగా పడేయడమేనండి." పడేస్తే ఏమవుతుందో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఈ ప్రాంతంలో డంపింగ్ యార్డుకి జాగా దొరక్క చాలాచోట్ల చెత్త కాలువ గట్టునో, మురుగు కోడు పక్కనో పోస్తున్నారు. అక్కడ పడేసిన కళేబరం కూడా రెండు వానలకి నీళ్లలోకే వస్తుంది.

ఫ్లాట్లవాళ్లు మొహం మీద ఏమీ అనలేదు గానీ, మధ్యాహ్నానికి లిఫ్టు దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. వాళ్ల టెన్షన్ వాళ్లది, ఇంట్లో చిన్న పిల్లలున్నవాళ్లున్నారు. వీధి చివర రొయ్యలు కొనే కుర్రాడు థర్మోకోల్ పెట్టె, రెండు బుట్టల ఐసు పట్టుకొచ్చాడు. డబ్బులివ్వబోతే "ఊరుకోండి బాబాయిగారూ, నాకూ ఓ కుక్కుందండి" అన్నాడు. రొయ్యల ఐసు లేకపోతే మేం ఏం చేసేవాళ్లమో తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

చివరికి మా చెల్లెలి అత్తవారి కొబ్బరితోట గుర్తొచ్చింది. అది కోనసీమలో ఉంది. చించినాడ వంతెన మీద వశిష్ట గోదావరి పాయ దాటి, దిండి మీదుగా వెళ్లాలి. ఆటో అబ్బాయి పెట్టె ఎక్కించుకోడానికి ఏమీ పేచీ పెట్టలేదు. వంతెన మధ్యకొచ్చాక మాత్రం బండి స్లో చేసి, "ఏవండీ, ఇక్కడ ఆపమంటారా? అందరూ ఇక్కడే వదిలేస్తారండి, ఐదు నిమిషాల పని. అంత దూరం ఎందుకండీ" అన్నాడు. వద్దన్నాను. "ఆయ్, మీ ఇష్టమండి" అని పోనిచ్చాడు. ఆ మాటలో వెటకారం లేదు, నిజంగా నా మంచికే చెప్పాడు.

తోటలో బావగారు అప్పటికే ఇద్దరు మనుషుల్ని పెట్టి తవ్విస్తున్నారు. మోకాలి లోతు దాటగానే పార కింద మట్టి నల్లగా జారిపోవడం మొదలెట్టింది. ఇంకో జానెడు తవ్వేసరికి గోడల్లోంచి నీళ్లు దిగాయి. తోడటానికి బకెట్ తెచ్చారు. తోడినకొద్దీ వస్తూనే ఉన్నాయి. టైగర్ని నా పాత దుప్పట్లో చుట్టి దింపాం. మూట తేలింది. ఒక పక్కకి ఒరిగి, గోతిలో మెల్లగా తిరిగింది. నేను అటు చూడలేక మొహం తిప్పుకున్నాను. బావగారు ఎండిన కొబ్బరి దుంగ ముక్కలు రెండు అడ్డంగా పెట్టించి, వాటి మీద మట్టి పోయించి, పైన నడుమెత్తు దిబ్బ కట్టించారు. సున్నం బస్తా చల్లారు. సున్నం వేస్తే తొందరగా మట్టిలో కలిసిపోతుందని ఇక్కడ అందరి నమ్మకం. నిజానికి సున్నం కుళ్లటాన్ని నెమ్మదింపజేస్తుంది. వాసన తగ్గిస్తుంది, జంతువులు అటు రాకుండా కొంత ఆపుతుంది, అంతే. రెండు రోజుల తర్వాత మా చెల్లెలు ఫోన్ చేసి, దిబ్బని ఏవో కెలికితే పైన తుమ్మకంప పరిచామని చెప్పింది. ఆ గోతికీ వాళ్ల చేతిపంపుకీ మధ్య దూరం ఎంతో నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

కొబ్బరితోట ఉన్న చెల్లెలు నాకుంది. లేనివాళ్ల సంగతేంటి? వాళ్లకి మిగిలేది చించినాడ వంతెనే, లేకపోతే వాళ్ల ఊళ్లో అలాంటిదే మరో వంతెన.

కట్టెలతో కాల్చుకోవచ్చుగా అనే మాట కూడా చర్చించాం. ఎండిన కొబ్బరి డొక్కలకి, మట్టలకి మాకు లోటు లేదు. కానీ అవి భగ్గున మండి చప్పున చల్లారిపోతాయి, ఒళ్లు కాలాలంటే గంటల తరబడి నిలిచే మంట కావాలి. వానల్లో మామిడి కట్టె తడిసి పొగ తప్ప మంట రాదు. సగం కాలిన శరీరం పాతిన శరీరం కంటే ఘోరం. పక్క ఇళ్లవాళ్లకి వాసన, దానిమీద గొడవ. మనుషుల శ్మశానంలో కాల్చనివ్వమని నేనెప్పుడూ అడగను. అక్కడికి వచ్చేవాళ్ల మనసులు నొచ్చుకుంటాయి, అది న్యాయమే.

అందుకని యంత్రం కావాలంటున్నాను. నేను రైసుమిల్లులో గుమస్తాగా ముప్పై ఏళ్లు చేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. బాయిలరు, బ్లోయరు, పొగగొట్టం నా కళ్లముందు తిరిగినవే. కాబట్టి ఈ యంత్రం గురించి విన్నప్పుడు నాకు పెద్ద వింతగా అనిపించలేదు. ఇందులో రెండు గదులుంటాయి. మొదటి గదిలో 800 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో శరీరం కాలుతుంది. అందులోంచి వచ్చే పొగ రెండో గదిలోకి పోయి, అంతకంటే ఎక్కువ వేడిలో మళ్లీ మండుతుంది. వాసన, నల్లపొగ చాలావరకు అక్కడే పోతాయి. రెండో గది సరిగ్గా వేడెక్కకుండా మొదటిదాన్ని వెలిగిస్తేనే వీధంతా కంపు కొట్టేది. మామూలు సైజు కుక్కకి గంట, రెండు గంటలు పడుతుంది. పాతిక కిలోల కుక్కకి మిగిలేది కిలోకి అటూ ఇటూగా ఎముకల బూడిద. మా మిల్లు స్నేహితుడొకాయన ఊకతో నడిపిస్తే చవక కదా అన్నాడు. ఊక కాలితే దాదాపు ఐదో వంతు బూడిదే మిగులుతుంది. అందులో కుక్క బూడిద ఏదో, ఊక బూడిద ఏదో తేల్చలేం, పైగా మంట వేడి ఒక్క తీరుగా ఉండదు. గ్యాసే మేలు. గ్యాస్ కోసం మనం ఎక్కడికో పోనక్కర్లేదు కూడా. తాటిపాక, నరసాపురం పేర్లు దేశానికి తెలిసిందే మన కాళ్ల కింద ఉన్న గ్యాస్ వల్ల.

ఇదేదో అమెరికా ముచ్చట అనుకోవద్దు. హైదరాబాద్‌లో ఫతుల్లగూడ దగ్గర నగరపాలక సంస్థ స్థలంలోనే జంతువుల దహనవాటిక ఉంది. ముంబై కార్పొరేషన్ మలాడ్‌లో పైపు గ్యాస్‌తో నడిచేది పెట్టింది. అవి మహానగరాలు, మీవి చిన్న పట్టణాలు, ఒప్పుకుంటాను. అందుకే కదా నలుగురూ కలిసి ఒకటి పెట్టుకోమంటున్నది.

చట్టం సంగతి కూడా ఓ ముక్క. వీధి కుక్కల సంతాన నియంత్రణకి కేంద్రం 2001లో నిబంధనలు తెచ్చింది. కుక్కలు పట్టే బండి, షెల్టరు, అంబులెన్సు సరసనే, కళేబరాలను దహనం చేసే ఇన్సినరేటర్లు స్థానిక సంస్థలే పెట్టాలని అందులో రాసుంది. వాటి స్థానంలో 2023లో కొత్త నిబంధనలొచ్చాయి. అంటే ఈ బాధ్యత మీ మీద పెట్టి ఇరవై ఏళ్లు దాటింది, నేను కొత్తగా అంటగడుతున్నది కాదు. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో మునిసిపాలిటీలు చూడదగ్గ పనుల జాబితా ఉంది. అందులో 14వది శ్మశానాలు, దహనవాటికలు. 15వది బందెలదొడ్లు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

'మనుషులకే శ్మశానం దిక్కులేదు, కుక్కలకా?' అని కౌన్సిల్లో ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు. ఆ మాటలో బాధ ఉంది, దాన్ని కొట్టిపారెయ్యను. డెల్టాలో చాలా దళితపేటలకి ఇప్పటికీ సరైన శ్మశానం లేదు, ఉన్నచోట దారి లేదు, వరదొస్తే శవాన్ని నడుంలోతు నీళ్లలో మోసుకుపోవాలి. అది ముందు చెయ్యండి. దాని పద్దులోంచి ఒక్క రూపాయి కూడా ఇటు తిప్పొద్దు. నేను అడిగేది రుసుము కట్టి వాడుకునే సౌకర్యం. పెంపుడు కుక్క ఉన్నవాడు రేబిస్ టీకాకి, డాక్టరు ఫీజుకి, మేతకి ఖర్చు పెడుతున్నాడు, చివరి రోజుకీ పెడతాడు.

దళితపేటల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి. చచ్చిన జంతువును ఎత్తే పని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టి, ఆ పని చేసినందుకే వాళ్లని అంటరానివాళ్లన్నారు. ఇప్పుడు కులం పేరు ఎత్తం, 'కాంట్రాక్టు వర్కరు' అంటాం. పని మాత్రం ఆ ఇళ్లవాళ్లకే పోతోంది. చేతికి గ్లవుజు లేకుండా, కాళ్లకి బూటు లేకుండా, ఉబ్బిన కుక్కని తాడు కట్టి ఈడ్చుకుపోతున్న మనిషిని మీరూ చూసుంటారు. పిచ్చి పట్టి చచ్చిన కుక్క లాలాజలంలో, మెదడులో రేబిస్ వైరస్ కొంతకాలం బతికే ఉంటుంది. చేతిమీద గీరుకున్న గాయం చాలు. ఎలుక జ్వరం సంగతి వరి చేలల్లో దిగే మా ప్రాంతానికి కొత్త కాదు, అది కుక్కలకీ వస్తుంది, వాటి మూత్రంతో నీళ్లకీ పాకుతుంది. కాబట్టి బండి, పెట్టె, స్ట్రెచరు, మోచేతిదాకా గ్లవుజులు, బూట్లు, ముందస్తు రేబిస్ టీకా ఇవన్నీ యంత్రం కంటే ముందు కొనండి. బడ్జెట్ చాలక యంత్రం ఏడాది ఆలస్యమైనా సరే, ఇవి ఆగటానికి వీల్లేదు.

మందుల సంగతి చాలామందికి తెలియదు. బాగా జబ్బు చేసి కోలుకోలేని కుక్కకి డాక్టర్లు బాధ లేకుండా ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చుతారు. అందులో బార్బిట్యురేట్ మత్తుమందు వాడితే అది కళేబరంలో చాలాకాలం నిలిచి ఉంటుంది. దాన్ని పీక్కుతిన్న కాకి, గద్ద, వీధి కుక్క కూడా చచ్చిపోవచ్చు. పూర్వం ఊరి బయట పడేస్తే రాబందులు వచ్చి శుభ్రం చేసేవని మా నాన్న చెప్పేవారు. పశువులకి వాడిన డైక్లోఫెనాక్, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందుల కిడ్నీలు పాడుచేసి, 1990ల నుంచి వాటిని తుడిచిపెట్టేసింది. 2006లో పశువులకి ఆ మందు నిషేధించారు, అప్పటికే ఆకాశం ఖాళీ. ఇప్పుడు ఊరి బయట పడేస్తే శుభ్రం చేసేవాడు ఎవడూ రాడు.

ఈ దహనవాటికకి ఇంకో ఉపయోగం కూడా ఉంది. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవాళ్లకి పశువుల కళేబరాల సంగతి గుర్తుండే ఉంటుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో కాలు పెట్టటానికే పొడి నేల లేదు, గొయ్యి ఎక్కడ తీస్తారు? 2025 ఫిబ్రవరిలో తణుకు దగ్గర వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు కోళ్లని గోతులు తీసి పూడ్చారు. ఒక చిన్న కుక్కల యంత్రం లక్షల కోళ్లకి చాలదు, ఆ లెక్క వేరు, మోసం చేసి చెప్పను. కానీ ఎత్తు మీద కట్టిన ఒక స్థలం, మూసిన బండి, పని తెలిసిన ఇద్దరు మనుషులు, కరెంటు, గ్యాసు లైను జిల్లాలో ముందే ఉంటే ఆపదలో సగం పరుగు తగ్గుతుంది.

స్థలం గురించి నాకు తోచింది రాస్తాను, ఇంజనీర్లు దిద్దుకోవచ్చు. మంచినీళ్ల చెరువుకీ కాలువకీ దూరంగా ఉండాలి. 2022 వరద మట్టం కంటే ఎత్తుగా మెరక చెయ్యాలి. మెరక ఖర్చు యంత్రం ఖర్చుతో పోటీపడుతుందని ఇప్పుడే చెప్తున్నాను, అంచనాలో మర్చిపోయి తర్వాత ఆగిపోవద్దు. ఇళ్ల మధ్య వద్దు, అలాగని ఆటో వెళ్లని చోటా వద్దు. ఏ పట్టణంలో పెట్టినా 'మా ఊరికే ఎందుకు' అని ధర్నా ఖాయం. అలాంటప్పుడు పెద్దమనుషుల్ని బస్సెక్కించి ఫతుల్లగూడ చూపించుకురండి, మాటలకంటే అది పనిచేస్తుంది.

మారుమూల పంచాయతీల నుంచి పట్టణం దాకా అందరూ రాలేరు. వాళ్లకి మండలానికి ఒకచోట కాస్త భూమి మెరక చేసి, అడుగు ఊట కంటే పైనుండేలా, చుట్టూ కంచె వేసి పాతుకునే జాగా చూపించినా సరిపోతుంది. కొత్త మట్టి తోలాలి, అంతే. చేపల చెరువులు తవ్విన మట్టి లారీల కొద్దీ ఎక్కడెక్కడికో పోతోంది, అందులో నాలుగు లారీలు ఇటు తిప్పండి.

యంత్రం పెట్టాక దాన్ని నడిపే పద్ధతి సరిగా లేకపోతే మళ్లీ అందరూ వంతెన దగ్గరికే పోతారు. ఒక ఫోన్ నంబరు ఉండాలి, అది ఆదివారం కూడా ఎత్తాలి. జబ్బు చేసిన పశువుకైతే 1962కి కొడితే సంచార వైద్యం బండి ఇంటిదగ్గరికి వస్తోంది, బాగుంది. చచ్చిన జంతువుకి ఏ నంబరుకి కొట్టాలి? అదే బండి తేవాలని కాదు, వైద్యం బండిలో కళేబరం ఎక్కించకూడదు కూడా. రేట్లు బోర్డు మీద రాసి పెట్టండి. బూడిద కావాలనుకునేవాళ్లకి విడిగా కాల్చటానికి ఒక రేటు, అక్కర్లేదనేవాళ్లకి మూడు నాలుగు కలిపి కాల్చటానికి తక్కువ రేటు. లేనివాళ్ల కుక్కకి, వీధి కుక్కకి ఉచితం. బోర్డు మీద రేటు లేకపోతే అయిదొందలిచ్చినవాడికి ఈరోజు, ఇవ్వనివాడికి ఎల్లుండి అవుతుంది. ఆ బేరం నేను ఆడి వచ్చాను, అందుకే ఇంత ఖచ్చితంగా చెప్తున్నాను.

పశువుల డాక్టరు చీటీ ఒకటి తప్పనిసరి చెయ్యండి. ఎలా పోయింది, పిచ్చి అనుమానం ఉందా, ఏ మందు ఇచ్చారు అన్న మూడు ముక్కలు చాలు. చీటీ లేదని కళేబరాన్ని వెనక్కి మాత్రం పంపొద్దు, డాక్టరు దొరకని రాత్రులుంటాయి. అలాంటివి అనుమానంగా లెక్కేసి జాగ్రత్తగా కాల్చెయ్యటమే. బూడిద ఇచ్చేటప్పుడు మట్టి ముంతలో గానీ గుడ్డ సంచిలో గానీ ఇవ్వండి. చాలామంది గోదాట్లో కలుపుతారు, ప్లాస్టిక్ డబ్బాతో సహా వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తాం. మొక్కకి వేసుకుంటానన్నవాళ్లకి ఒకే మొదట్లో అంతా పొయ్యొద్దని చెప్పండి, అందులో ఉప్పు శాతానికి చిన్న మొక్క తట్టుకోదు.

కాలువలో పడేసినవాళ్లకి జరిమానా వెయ్యాలని కొందరు మిత్రులు రాయమన్నారు. వేయండి, కానీ ఈ దహనవాటిక వచ్చిన తర్వాత. ఎక్కడ పెట్టాలో చెప్పకుండా అక్కడ పెట్టావని జరిమానా వేస్తే, పగలు పడేసేవాడు రాత్రి పడేస్తాడు.

ఈ అర్జీని మా మునిసిపాలిటీ కౌన్సిల్ ఎజెండాలో పెట్టమని విడిగా కూడా ఇస్తున్నాను. మిగతా పట్టణాల్లో ఉన్నవాళ్లు తమ తమ ఊళ్లలో ఇదే కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వచ్చు, నా పేరు ఉండాల్సిన పని లేదు. అంచనా వేసేటప్పుడు రోజుకి ఎన్ని కళేబరాలు వస్తాయో లెక్క కావాలంటారు. పారిశుద్ధ్యం బండ్లవాళ్లని ఒక నెలపాటు పుస్తకంలో రాయమనండి: కుక్కలెన్ని, ఏ వార్డు, ఎక్కడ పడేశారు. పుస్తకం, పెన్ను నేను కొనిస్తాను, గీతలు కొట్టి పద్దులు రాయటం కూడా నేర్పిస్తాను. అది నాకు వచ్చిన పనే.

ఇట్లు,
పశ్చిమ డెల్టా నుంచి
ఒక రైసుమిల్లు మాజీ గుమస్తా